మొహం చూడని సోపతి తెగితే ఎట్లా కలుపుకోవాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను. సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో నీకూ తెలుస్తుంది. నువ్వు హన్మకొండ నయీంనగర్‌లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నావు. రెండేళ్ళుగా నలుగురు కలిసి ఫోన్లో బీజీఎంఐ అనే తుపాకుల ఆట స్క్వాడ్‌గా, అంటే ఒకే జట్టుగా ఆడుతున్నారు. ముగ్గురు హన్మకొండ వాళ్ళే. నాలుగో అబ్బాయిది నిర్మల్ పట్టణం, వాణ్ణి మీరెవ్వరూ ఎదురుగా చూడలేదు. పోయిన వారం ఆఖరి సర్కిల్‌లో, అంటే ఆట తేలిపోయే వేళ, వాడు ఉన్నట్టుండి మాయమయ్యాడు, మ్యాచ్ పోయింది. కోపం మీద ముప్పై మంది ఉన్న గ్రూపులో "పిరికోడా, కావాల్నే పోయినవ్" అని రాసి వాణ్ణి తీసేశావు. అప్పటినుంచి వాడు ఫోన్ ఎత్తడం లేదు. ఇంట్లో అమ్మ "మొహం సూడనోని కోసం అన్నం మానేస్తవారా" అంటోంది. ఇది నిజమైన దోస్తానేనా, మళ్ళీ కలవాలంటే ఏం చెయ్యాలి అని అడిగావు.

మొదటిదానికి జవాబు చెప్పడానికి నాకు ఆలోచన అక్కర్లేదు. అవును, నిజమైనదే. రోజుకు రెండు గంటల చొప్పున రెండేళ్ళు ఒకడి గొంతు వింటూ, వాడు ఎప్పుడు భయపడతాడో, ఎప్పుడు తొందరపడతాడో తెలిసిన తర్వాత, వాడి ముక్కు ఎట్లా ఉంటుందో తెలియకపోతే వచ్చే లోటు చాలా చిన్నది. అమ్మ మీద కోపం పెట్టుకోకు. ఆమెకు సోపతి అంటే అరుగు మీద కూర్చుని మాట్లాడుకునేది. నీకు ఆ అరుగు ఫోన్లో ఉంది.

రెండోదానికి జవాబు పెద్దది. నువ్వు రాసిన మాట లాంటిదే నేనూ ఒకసారి రాశాను. అది సరిదిద్దుకోవడానికి నాకు తొమ్మిది నెలలు పట్టింది. ఆ తొమ్మిది నెలలు నీకు పట్టకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

2000 నుంచి 2008 దాకా హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక సందులో నేను నెట్ సెంటర్ నడిపాను. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం 1995 ఆగస్టు 15న మొదలైంది. ప్రైవేటు కంపెనీలకు అనుమతి 1998లో వచ్చింది. మన ఊళ్ళలో సందుకొక నెట్ సెంటర్ వెలిసింది ఆ తర్వాతే. నా దగ్గర ఎనిమిది సిస్టమ్‌లు, ఒక మోడెమ్, ఒకటే ఫోన్ లైన్. ఆ మోడెమ్ కూత పెట్టి, గీపెట్టి, చివరికి కలిసిందంటే అందరం ఊపిరి పీల్చుకునేవాళ్ళం. గంటకు 30 రూపాయలతో మొదలుపెట్టి 15కు వచ్చాను. పగలంతా ఎంసెట్ ర్యాంకులు, రెజ్యూమెలు, దుబాయ్‌లో ఉన్న కొడుక్కు మెయిల్ రాయించుకునే తల్లిదండ్రులు. సాయంత్రం ఆరు దాటితే ఆటలు.

ఆటలంటే రెండే. సెంటర్ లోపల తీగలతో కలిపి ఆడేది కౌంటర్ స్ట్రైక్, తుపాకుల ఆట. బయటి ఊళ్ళ వాళ్ళతో ఆడేది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం, ఊరు కట్టి సైన్యం పెంచి యుద్ధం చేసే ఆట. అట్లా ఎందుకు విడిపోయిందో చెప్తే తప్ప తర్వాతి ముచ్చట్లు అర్థం కావు. కౌంటర్ స్ట్రైక్‌లో రెప్పపాటు తేడాతో చావు బతుకులు తేలుతాయి. ఫోన్ లైన్ మీద మాట పోయి రావడానికే సెకనులో మూడో వంతు పట్టే రోజుల్లో అది బయటివాళ్ళతో కుదరదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌ను మాత్రం దాని ఇంజనీర్లు మొదటినుంచీ నాసిరకం మోడెమ్‌లను దృష్టిలో పెట్టుకునే కట్టారు. 28.8 కిలోబిట్ల మోడెమ్ మీద ఎనిమిది మంది ఆడగలగాలని వాళ్ళ లక్ష్యం. వేల మంది సైనికులు ఎక్కడెక్కడ ఉన్నారో ఆ తీగ మీద పంపడం అసాధ్యం. అందుకని సైనికుల వివరాలు పంపకుండా, ఆటగాళ్ళు ఇచ్చిన ఆజ్ఞలు మాత్రమే పంపేవాళ్ళు. ఆ ఆజ్ఞలతో ప్రతి కంప్యూటరూ మొత్తం యుద్ధాన్ని తనకు తాను లెక్కకట్టుకుంటుంది. చాలా తెలివైన పద్ధతి. అయితే అందరి లెక్కా ఒకేసారి ముందుకు కదలాలి గనక, గుంపులో అన్నిటికంటే నెమ్మదైన సిస్టమ్ ఏదో దాని నడకే అందరి నడకా అవుతుంది.

నా మూడో నంబర్ సిస్టమ్ అట్లాంటిది. మిగతావాటికి 64 ఎంబీ ర్యామ్ ఉంటే దానికి 32 ఉండేది. కొత్తవాడ నుంచి ఒక నేతకార్ల ఇంటి పిల్లగాడు వచ్చేవాడు. అంత దూరం సైకిల్ మీద వచ్చేసరికి ఆలస్యమయ్యేది, ఖాళీగా మిగిలింది మూడో నంబరే. వాడు సైన్యం పెంచడం మొదలుపెట్టగానే ఎనిమిది తెరలూ బరువెక్కి నత్తనడక నడిచేవి. "నీకు ఆడుడు రాదు, మమ్మల్ని ఆడనియ్యవు" అని అందరూ వాడి మీద పడేవాళ్ళు. "నువ్వు యాభై మందిని మించి పెంచకు" అని షరతు కూడా పెట్టారు. వాడు తలవంచుకుని ఒప్పుకున్నాడు. తనకు తెలివి తక్కువని నమ్మేశాడు. ఇదంతా నేను కౌంటర్ దగ్గర కూర్చుని మూడు నెలలు చూశాను. ఒకరోజు ఊరికే ఆ సిస్టమ్‌లో ఇంకో 32 ఎంబీ వేసి చూశాను. మర్నాటినుంచి లొల్లి లేదు. మూడు నెలలు ఒక పిల్లవాడి స్వభావం అనుకున్నది ఒక ర్యామ్ పలక. వాణ్ణి పిలిచి అందరి ముందూ ఆ సంగతి చెప్పాను. ఆ రోజు వాడి మొహం చూసి ఉంటే నీకీ జవాబంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

ఇక నేను రాసిన మాట.

2002లో ఒక రాత్రి మా గుంపుకు ఆన్‌లైన్‌లో గోదావరిఖని అబ్బాయి తగిలాడు. ఆటలో పేరు బొగ్గుపులి. తండ్రి సింగరేణి కార్మికుడు, ఎయిటింక్లైన్ కాలనీలో క్వార్టర్. డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్నాడని ఇంట్లో ఒక అసెంబుల్డ్ సిస్టమ్ కొనిపెట్టారు. వాడూ నేనూ కలిసి ఆడితే ఎదురుండేది కాదు. నేను గోడలు కట్టి ఊరు కాపాడితే వాడు గుర్రాలు తోలేవాడు. ఆట అయ్యాక యాహూ మెసెంజర్‌లో అర్ధరాత్రి దాకా ముచ్చట్లు. తండ్రికి నైట్ షిఫ్ట్ పడిన వారం వాడు పగలు అడుగుల చప్పుడు కూడా రానివ్వడని, గని సైరన్ వేళకాని వేళ మోగితే కాలనీ అంతా గేట్ల దగ్గరికి పరుగెత్తుతుందని వాడు చెప్తేనే నాకు తెలిసింది. నా పెళ్ళి సంబంధాల గురించి మా అన్నకంటే ముందు వాడికి చెప్పాను. ఒకసారి ఆట ప్యాచ్ డౌన్‌లోడ్ కావట్లేదంటే సీడీలో రాసి పోస్టులో పంపించాను. అందుకే వాడి క్వార్టర్ నంబర్ నా నోటు పుస్తకంలో ఉండిపోయింది. తర్వాత నన్ను కాపాడింది ఆ ఒక్క చిరునామానే.

2003 దసరా సెలవుల్లో ఒక ఆదివారం హైదరాబాద్ వాళ్ళతో నలుగురికి నలుగురు పోటీ పెట్టుకున్నాం. ఏడింటికి మొదలవ్వాలి. మా వైపే ఒక సిస్టమ్ మొరాయించి ఎనిమిదిన్నర అయింది. తొమ్మిదికి సరిగ్గా మా చేతికి గెలుపు అందే వేళ, బొగ్గుపులి గుర్రాలు వాళ్ళ కోట దగ్గర ఉండగా, వాడు తెగిపోయాడు. ఓడిపోయాం. అవతలివాళ్ళు నవ్వారు. పన్నెండు మంది చదువుతున్న కాన్ఫరెన్స్‌లో, అంటే యాహూ గుంపు చాట్‌లో, నేను ఇట్లా రాశాను: "ఓడిపోతమని భయమైతే తీగ పీకెయ్యి, కానీ దోస్తునని చెప్పుకోకు." వాడు పది నిమిషాల తర్వాత లోపలికి వచ్చి అది చదివాడు. ఏమీ అనలేదు. పేరు బూడిద రంగులోకి మారిపోయింది. మళ్ళీ వెలగలేదు.

ఇప్పుడు చెప్పు, నీ నిర్మల్ అబ్బాయి ఆ క్షణంలో ఏం చూశాడో నువ్వు అడిగావా? "ఎందుకు పోయినవ్" అని కాదు. "నీ దగ్గర ఏమైంది, నీ తెర మీద ఏం కనబడ్డది" అని. ఈ రెండు ప్రశ్నలకూ చాలా తేడా ఉంది. మొదటిది నేరం మోపి సంజాయిషీ అడుగుతుంది. రెండోది నీకు తెలియని సంగతి ఒకటి ఉండొచ్చని ఒప్పుకుంటుంది.

ఒకే ఆటలో ఇద్దరు రెండు వేర్వేరు సంగతులు చూస్తారు, ఇద్దరూ నిజమే చెప్తారు. ఇది నాకు 2005లో బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక తెలిసింది. బీఎస్ఎన్ఎల్ 256 కేబీపీఎస్ కనెక్షన్ తీసుకున్నాక కౌంటర్ స్ట్రైక్ 1.6ను కూడా బయటి సర్వర్ల మీద ఆడటం మొదలైంది. కాజీపేట రైల్వే క్వార్టర్స్ అబ్బాయి ఒకడు ఇంటినుంచి ఆడేవాడు, పేరు డీజిల్‌షెడ్ అని పెట్టుకున్నాడు. మా సెంటర్లో ఆడే ఇంకో అబ్బాయి వాడికి ప్రాణ స్నేహితుడు, చిన్నప్పటినుంచీ ఒకే బడి. ఒకరోజు డీజిల్‌షెడ్ సెంటర్‌కు వచ్చి వాడి కాలర్ పట్టుకున్నాడు. "నేను గోడెనుకకు పోయిన తర్వాత ఎట్ల గొట్టినవ్? ఏదో హ్యాక్ ఏసినవ్." రెండోవాడు అమ్మతోడు, దేవునితోడు అంటున్నాడు: "నువ్వు నా ఎదురుంగనే ఉన్నవ్‌రా."

ఇద్దరూ నిజమే చెప్పారు. అక్కడ జరిగేది ఇది. నువ్వు గుండు పేల్చిన సంగతి సర్వర్‌కు చేరేసరికి కొంత కాలం గడిచిపోతుంది. అప్పటికి అవతలివాడు కదిలిపోయి ఉంటాడు. అట్లయితే నెమ్మది లైన్ ఉన్నవాడికి ఒక్క గుండూ తగలదు. అందుకని సర్వర్ కాలాన్ని వెనక్కి తిప్పి, నువ్వు పేల్చిన క్షణంలో నీ తెర మీద అవతలివాడు ఎక్కడ ఉన్నాడో చూసి లెక్క కడుతుంది. ఈ పద్ధతిని, ఆ ఆటను విడుదల చేసిన వాల్వ్ కంపెనీ ఇంజనీర్ యాన్ బెర్నియర్ 2001లో ఒక పత్రంలో వివరంగా రాశారు. గోడ దాటాక చచ్చినట్టు అనిపించే ఇబ్బంది వస్తుందని కూడా ఆయన అందులోనే చెప్పారు. లెక్క వేసి చూడు. ఆ ఆటలో కత్తి పట్టుకుని పరుగెత్తేవాడి వేగం సెకనుకు 250 యూనిట్లు, మనిషి వెడల్పు 32 యూనిట్లు. లైన్‌లో సెకనులో ఐదో వంతు ఆలస్యం ఉంటే వాడు 50 యూనిట్లు జరిగిపోతాడు. అంటే ఒక మనిషి వెడల్పు దాటి ఇంకా ఎక్కువే. ఒకడి తెర మీద నిండుగా ఎదురుగా ఉన్నవాడు తన తెర మీద పూర్తిగా గోడ చాటున ఉంటాడు. కాగితం మీద గీసి ఇద్దరికీ చూపించాను. డీజిల్‌షెడ్ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుపోయాడు.

మీ ఆటలోనూ నెట్ ఊగితే ఇట్లాంటివి తప్పవు. నిర్మల్‌లో ఆ గంటకు సిగ్నల్ ఏమైందో, ఫోన్ వేడెక్కి ఆగిందో, ఇంట్లో ఎవరు పిలిచారో నీకు తెలియదు. తెలియకముందే "కావాల్నే" అన్నావు. నీ మాటలో "పిరికోడా" కంటే "కావాల్నే" అన్నదే ఎక్కువ గుచ్చుతుంది. మొదటిది తిట్టు, రెండోది తీర్పు.

రాతలో ఇంకో గొడవ ఉంది. రాసేవాడికి తన గొంతు తన చెవిలో వినిపిస్తూ ఉంటుంది, చదివేవాడికి వినిపించదు. ఈ సంగతి మీద 2005లో మనస్తత్వ పరిశోధకుడు జస్టిన్ క్రూగర్, ఆయన సహచరులు ప్రయోగాలు చేశారు. మెయిల్‌లో తాము వేళాకోళంగా అన్నామో నిజంగా అన్నామో అవతలివాళ్ళు పసిగడతారని రాసినవాళ్ళు గట్టిగా నమ్మారు. చదివినవాళ్ళు ఊహించింది బొమ్మా బొరుసూ వేసినదానికంటే పెద్దగా మెరుగ్గా లేదు. అదే మాట నోటితో చెప్తే బాగానే అర్థం చేసుకున్నారు. మన విషయంలో ఇది ఇంకా ఎక్కువ. ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగులో "ఏందిరా" అంటే చనువో చిరాకో ఎట్లా తెలుస్తుంది? తెలంగాణలో మనం పెద్దవాళ్ళను కూడా ప్రేమగా "నువ్వు" అనేస్తాం. గుంటూరు ఆయన ఒకాయన, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, మా పిల్లలు మొదటి రోజే "నువ్వు ఎటు సైడ్ వస్తవ్" అని రాసేసరికి చిన్నబుచ్చుకుని వారం రోజులు రాలేదు. ఫోన్లో ఒకసారి మా వాళ్ళ మాట తీరు విన్నాక నవ్వి, తర్వాత ఎన్నడూ పట్టించుకోలేదు. గొంతు వినడం అంత పని చేస్తుంది.

అందుకే నిర్మల్ అబ్బాయికి మెసేజ్ రాయకు. ఎంత పొడుగు క్షమాపణ రాసినా అది రాతే.

మధ్యలో ఇంకొకరిని పెట్టి రాజీ చేయించాలని కూడా చూడకు. ఇది నా అనుభవంలో గట్టిగా నేర్చుకున్న సంగతి. మొదట్లో సెంటర్లో ఏ రెండు గుంపులు కొట్టుకున్నా ఇద్దరినీ కూర్చోబెట్టి ఛాయ్ తాగించేవాణ్ణి. ఛాయ్ అయ్యేలోపు మళ్ళీ మొదలయ్యేది. సుబేదారి పిల్లలకూ ఒక ఇంజనీరింగ్ హాస్టల్ పిల్లలకూ మధ్య ఒకసారి కీబోర్డులు విరిగే దాకా పోయింది. అప్పుడు విసిగిపోయి ఒక పని చేశాను. రెండు గుంపుల నుంచి ఇద్దరిద్దరిని తీసి, నలుగురినీ ఒకే జట్టుగా కలిపి, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ఎదురుగా కంప్యూటర్‌ను అతి కష్టం స్థాయిలో పెట్టాను. మొదటిసారి నలభై నిమిషాల్లో చిత్తుగా ఓడారు. రెండోసారి ఒకడి ఊరు కాలిపోతుంటే హాస్టల్ అబ్బాయి తన ధాన్యం, కట్టెలు పంపించాడు. సుబేదారి అబ్బాయి కుర్చీలోంచి లేచి "తమ్మీ, దండం రా నీకు" అన్నాడు. ఆ రాత్రి తర్వాత వాళ్ళ మధ్య పోటీ ఉంది గానీ పగ లేదు.

చాలా ఏళ్ళకు దీని గురించే చదివాను. ముజాఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో 22 మంది పిల్లలను రెండు గుంపులుగా చేసి వేసవి శిబిరంలో ఉంచాడు. పోటీలు పెట్టగానే జెండాలు తగలబెట్టుకునే దాకా పోయారు. కలిపి భోజనాలు పెడితే అన్నం విసురుకున్నారు. నీళ్ళ ట్యాంకు పనిచెయ్యట్లేదని, అందరూ కలిసి బాగుచెయ్యాలని పని పెట్టాక నెమ్మదించారు. ఒక్కసారితో కాదు, అట్లాంటి పనులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాకే. నా ఎనిమిది సిస్టమ్‌ల మీద జరిగింది సరిగ్గా అదే.

బిల్లు సంగతి కూడా చెప్పి వదిలేస్తాను. "ఓడినోళ్ళు బిల్లు కట్టాలె" అనే పందెం నా సెంటర్లో విడగొట్టినన్ని సోపతులు ఇంకేదీ విడగొట్టలేదు. ఒక ఏడాది చూసి పూర్తిగా మాన్పించాను. మీ స్క్వాడ్‌లో ఎంట్రీ ఫీజులు, ప్రైజ్ డబ్బులు ఉంటే ఎవరి వాటా ఎంతో ఆటకు ముందే తేల్చుకోండి.

అన్నిటికీ తీగదే తప్పు అని నేను అనడం లేదు. పాస్‌వర్డ్ తీసుకుని అకౌంట్ ఖాళీ చేసినవాడు, అమ్మాయి అని తెలియగానే ఇన్‌బాక్స్‌లో పిచ్చి రాతలు రాసేవాడు, ఫోటోలు పెట్టి బెదిరించేవాడు, వీళ్ళతో సోపతి కలుపుకోవాల్సిన పని లేదు. నా సెంటర్లో అట్లాంటివాళ్ళను ఇద్దరిని శాశ్వతంగా రావద్దన్నాను, ఇప్పటికీ అది సరైన పనే అనుకుంటాను. ఇప్పుడైతే సైబర్ నేరాలకు 1930 నంబర్ ఉంది, అమ్మాయిలకు తెలంగాణ పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. నీ మిత్రుడు చేసింది వీటిలో ఏదీ కాదు. రెండేళ్ళలో ఒక్కసారి ఆట మధ్యలో పోయాడు, అంతే.

ఇక నువ్వు చెయ్యాల్సింది.

మొదట, ఆ ముప్పై మంది ఉన్న గ్రూపులోనే రాయి. ఇక్కడ రాత కావాలి, ఎందుకంటే తప్పు చేసింది అక్కడ. "ఏం జరిగిందో తెలుసుకోకుండా అట్లా అన్నాను, తప్పు నాది" అని రెండు వాక్యాలు చాలు. "కానీ" అనే మాట రానివ్వకు. వాడు ఆ గ్రూపులో లేడు గనక వాడికి తెలియదనుకోకు. ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ పంపిస్తారు, ఆ తిట్టు చేరింది కూడా అట్లాగే. అందరి ముందు పోయిన ఇజ్జత్‌ను చాటుగా ఇన్‌బాక్స్‌లో తిరిగి ఇవ్వలేవు.

తర్వాత ఫోన్. వీడియో కాల్ వద్దు, వాడు సిద్ధంగా ఉండడు. ఎత్తకపోతే రోజుకు ఇరవై సార్లు చెయ్యకు. రెండు రోజులకు ఒకసారి, వాడు ఖాళీగా ఉంటాడని నీకు తెలిసిన వేళకు. ఎత్తితే, ఆ రోజు నీ దగ్గర ఏమైంది అని అడిగి ఊరుకో. వాడు చెప్పేది నీకు సాకులా వినిపించినా మధ్యలో మాట్లాడకు. వెంటనే స్క్వాడ్‌లోకి రమ్మనకు. నలుగురి మధ్యకు వచ్చేముందు మీరిద్దరే ట్రైనింగ్ గ్రౌండ్‌లో కాసేపు ఆడండి. ఆ తర్వాత మీ నలుగురూ కలిస్తేనే గట్టెక్కే మ్యాచ్ ఒకటి ఆడండి. గెలిచినా ఓడినా పర్వాలేదు.

పదిహేను రోజులైనా ఎత్తకపోతే నిర్మల్ బస్సెక్కు. ఇది ఊరికే అనడం లేదు.

2004 ఎండాకాలం, చుట్టాల పెళ్ళికని కాజీపేటలో రైలెక్కాను. జమ్మికుంట, పెద్దపల్లి దాటి రామగుండంలో దిగాను. పెళ్ళి అయ్యాక నోటు పుస్తకం తీసి ఆటో వాడికి ఎయిటింక్లైన్ కాలనీ అని చెప్పాను. తొమ్మిది నెలలు ఆ పని వాయిదా వేశాను, భయంతో. తలుపు తీసింది వాళ్ళమ్మ. లోపల తండ్రి షిఫ్ట్ దిగి వచ్చి పడుకుని ఉన్నాడు. వాడు బయటికొచ్చాడు, నేను అనుకున్నదానికంటే పొట్టిగా, సన్నగా. నా పేరు చెప్పాను. ఇద్దరం బయటి వేపచెట్టు కిందికి నడిచాం.

అక్కడినుంచి చూస్తే వాళ్ళ కిటికీ నుంచి పక్క క్వార్టర్‌కు గోడ మీదుగా సన్నటి తీగ ఒకటి కనబడుతోంది. వాళ్ళింట్లో ఫోన్ లేదు. పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి తీగ లాక్కుని, నెలకు కొంత ఇచ్చి, రాత్రిళ్ళు వాడుకునేవాడు. ఒకటే షరతు, ఆదివారం రాత్రి తొమ్మిదికి లైన్ వదిలెయ్యాలి. పక్కింటి పెద్దమ్మ బిడ్డ మస్కట్ నుంచి వారానికి ఒక్కసారి ఆ వేళకు ఫోన్ చేస్తుంది. మేము ఆలస్యం చెయ్యకపోతే ఆట ఎనిమిదిన్నరకల్లా అయిపోయేది. ఎనిమిదీ యాభైకి వాడు చాట్‌లో రాశాడట, "తొమ్మిదింటికి పోవాలె అన్నా" అని. యుద్ధం గోలలో నేను చూడలేదు. ఫోన్ మాదే అని మాతో ఎప్పుడో అన్నాడు, ఆ ఒక్క చిన్న అబద్ధం బయటపడుతుందని తర్వాత నోరు విప్పలేదు. "పెద్దమ్మ బిడ్డతోని మాట్లాడాలె గదన్నా" అన్నాడు, నేను అర్థం చేసుకోనేమో అన్నట్టు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు.

ఆ మాట రాసిన కాన్ఫరెన్స్‌లో ఉన్న మిగతా వాళ్ళందరికీ హన్మకొండ వచ్చాక ఒక్కొక్కరికీ చెప్పాను, వాడు అడగకపోయినా.

2020 లాక్‌డౌన్‌లో, అంతకు ముందు ఏడే కొత్తగా వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం డెఫినిటివ్ ఎడిషన్‌లో మేం ముగ్గురం మళ్ళీ కలిశాం. నేను, బొగ్గుపులి, కొత్తవాడ అబ్బాయి. వాడిప్పుడు పుణేలో ప్రోగ్రామర్, గుంపులో అందరికంటే మంచి సిస్టమ్ వాడిదే. మూడో రాత్రి, గెలుస్తున్న ఆటలో, బొగ్గుపులి తెగిపోయాడు. ఎవరం ఏమీ రాయలేదు. ఆట ఆపి కూర్చున్నాం. నాలుగు నిమిషాలకు నా ఫోన్ మోగింది.

"కరెంటు వోయిందన్నా. జర ఆగుండ్రి, వస్తున్న."